శవము లేని పరిశోధన

అపరాధపరిశోధక నవలలచే లోకప్రసిద్ధి నందిన అగాథా క్రిస్టీ, మేరీ వెస్ట్‌మకాట్ అను మారుపేరుతో 1930 మొదలు 1956 వఱకు ఆఱు నవలలు ప్రకటించినదన్న సంగతి, ఆమె పుస్తకములను మక్కువతో చదువువారిలో సైతము పెక్కురకు తెలియదు. ఆ ఆఱింటిలో మూడవదియు, 1944లో వెలువడినదియు నగు ‘ఆబ్సెంట్ ఇన్ ది స్ప్రింగ్’ అను చిన్న నవలను గురించి నేను ఎవరితో ప్రసంగించినను రెండు పక్షములే కనబడుచున్నవి, మధ్యస్థులు అరుదు. ఇది ఆమె రచనలన్నిటిలోను మిన్న యని ఒకరు వాదింతురు. శవము లేదు, డిటెక్టివు లేడు, పుస్తకము పొడవునను ఒక స్త్రీ తన గతమును తలపోయుట తప్ప జరిగినది లేదు, తుదకు ఆ తలపోతకును ఫలము లేదని మఱియొకరు విసిగికొందురు. దీనిని రుచిభేదమని త్రోసివేయుట నాకు సమ్మతము కాదు. ఒక పుస్తకమునుండి మనము ఏమి కోరుచున్నామో, ఏ హక్కుతో కోరుచున్నామో తేల్చుకొనుటకు ఈ వివాదము వంటిది మఱియొకటి దొరకదు.

కథను ముందుగా చెప్పినందువలన చెడునది కొంచెము. ఏలయన ఇందలి రహస్యము సంఘటనలలో లేదు, వానిని చూచు చూపులో నున్నది. ఇంగ్లండులోని ఒక చిన్న పట్టణమున న్యాయవాదియైన రాడ్నీ స్కడమోర్ భార్య, ముగ్గురు బిడ్డల తల్లి, తన సంసారము నంతటిని తన చేతులతో తీర్చిదిద్దితినని తృప్తి గలది జోన్. జబ్బుపడిన చిన్నకూతురు బార్బరాను చూచుటకు బాగ్దాదునకు పోయి, తిరుగుప్రయాణమున, వానలవలన రైళ్లు నిలిచిపోగా, టెల్ అబూ హమీద్ అను ఎడారి స్టేషనులోని విశ్రాంతిగృహమున కొన్నినాళ్లు ఒంటరిగా చిక్కుకొనును. వెంట తెచ్చుకొన్న పుస్తకములు అయిపోవును. జాబులు వ్రాయుటకు కాగితములు అయిపోవును. అచ్చటి వ్యవహారము చూచు భారతీయునితో భోజనమును గురించి తప్ప మాటాడుటకు ఏమియు నుండదు. అంతకుముందే దారిలో తారసపడిన పాఠశాలనాటి స్నేహితురాలు బ్లాంచ్, రోజులతరబడి తన్ను గురించి తప్ప వేఱు ఆలోచన లేకపోయినచో మనిషి తనలో ఏమి కనుగొనునో యన్న సందేహమును ఆమె చెవిని వేసి పోయినది. తక్కిన నవల యంతయు ఆ సందేహమునకు సమాధానమే.

విసిగికొనువారి విసుగు అకారణము కాదు. అట్టమీది పేరు, పుస్తకము తెఱవకముందే పాఠకునితో ఒక ఒడంబడిక చేసికొనును. క్రిస్టీ పేరు చూచి కొన్నవాడు ఒక మరణమును, కొందఱు అనుమానితులను, అక్కడక్కడ వెదజల్లిన ఆధారములను, చివర నందఱను ఒకచోట కూర్చుండబెట్టి నిజమును వెల్లడించు ఒక మేధావిని ఆశించును. కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్ నవలలను రాత్రి నిద్ర మానుకొని చదివిన మన తెలుగు పాఠకులకు ఆ ఆశ ఎట్టిదో ఎవరును చెప్పనక్కఱలేదు. కాని 1944నాటి పాఠకునకు ఈ చిక్కు లేదు. వెస్ట్‌మకాట్ అనగా నెవరో 1949లో ఒక లండను పత్రిక బయటపెట్టువఱకు లోకమునకు తెలియదు. అట్లు బయటపడినందుకు క్రిస్టీ చాల నొచ్చుకొన్నది. ఎవరును తననుండి హత్యను ఆశింపని చోట వ్రాసికొను స్వేచ్ఛ ఆమెకు ఆ మారుపేరు ప్రసాదించినది. అది పోయిన తరువాత అట్టలమీద రెండు పేర్లును చేరినవి. నాటినుండి ఈ నవల తాను చేయని వాగ్దానమునకు బాధ్యత వహింపవలసివచ్చినది. మనలోను ‘త్వమేవాహం’ కావ్యకర్తయు ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ నిర్మాతయు నగు ఆరుద్ర డిటెక్టివు నవలలును వ్రాసెనన్నచో ఆశ్చర్యపడువారు నేటికిని కలరు. ఒక కలమునకు ఒకే జాతి రచన యని గిరిగీయుట పాఠకలోకమునకు పాత యలవాటు.

అయినను ఇందు పరిశోధన లేదనుట నేనొప్పుకొనను. ఆధారములను పాఠకుని కన్నులయెదుటనే ఉంచి, వానికి ఒక నమ్మదగిన తప్పుడు అర్థమును జతచేసి, అసలు అర్థము తరువాత దానంతట అది తలయెత్తునట్లు చేయుట క్రిస్టీ జీవితకాలము సాధన చేసిన విద్య. ఆ విద్యయే ఇందు నఖశిఖపర్యంతము పనిచేయుచున్నది. లండనులోని విక్టోరియా స్టేషనులో భార్యను రైలెక్కించిన రాడ్నీ, రైలు కదలకమునుపే వెనుదిరిగి, భుజములు నిటారుగా చేసికొని, బరువు దిగినవానివలె వడివడిగా నడచిపోవుట ఆమె కిటికీనుండి చూచినది. చూచి, వింతగా నున్నదని అనుకొని, మఱచినది. పెండ్లియైన వైద్యుని ప్రేమించిన పెద్దకూతురు ఏవరిల్‌ను మందలించుచు, తనకు తగిన పని చేయ వీలులేని పురుషుడు సగము మనిషి యని రాడ్నీ వాదించినప్పుడు జోన్ ఆ గదిలోనే యున్నది. సేద్యము చేయవలెనని తహతహలాడిన ఆ భర్తను బలవంతముగా న్యాయవాద కార్యాలయమున కూర్చుండబెట్టినది తానే. ఆ మాటలు ఎవరి బ్రదుకునుండి వచ్చినవో ఆమెకు తోచలేదు. బ్యాంకు సొమ్ము అపహరించి జైలుకు పోయి వచ్చిన భర్తను విడువక కష్టించి బ్రదికిన లెస్లీ షెర్‌స్టన్‌ను, రాడ్నీని ఒక కొండమీద నాలుగడుగుల యెడముగా, మాట లేక, చూపు కలియక కూర్చుండియుండగా ఆమె చూచినది. అంత దూరముగా కూర్చున్నవారిమధ్య ఏమియు లేదని సమాధానపడినది. ఆ నాలుగడుగుల దూరమే ప్రేమకు సాక్ష్యమని ఎడారిలో తెలిసికొనును. ఇన్ని ఆధారములు పాఠకునకు అందినవి, జోన్‌కును అందినవి. పాఠకుడు ఆమెకంటె ముందుగా వానిని చదువును; ఆమె ఎప్పుడు చదువునా యని వేచియుండును. ఇందలి ఉత్కంఠ యంతయు ఆ యెడమునుండి పుట్టినది. నేరము చేసినది, చేసిన నేరమును వెదకునది, దానివలన దగ్ధమైనది ఒకే మనిషి యగుటచేత దీనిని పరిశోధన కాదనుకొందుము గాని, వేఱొక కారణము నాకు కనబడదు.

రచయిత్రి సాక్ష్యమును ఇచ్చట చెప్పవలెను. మరణానంతరము 1977లో వెలువడిన ఆత్మకథలో, తనకు సంపూర్ణముగా తృప్తి నిచ్చిన పుస్తకము ఇదియొక్కటే యని ఆమె చెప్పుకొన్నది. యుద్ధకాలమున లండనులోని యూనివర్సిటీ కాలేజి ఆసుపత్రి మందుల విభాగములో పనిచేయుచు, ఏండ్లతరబడి మనస్సులో పెరిగిన ఈ కథను మూడు దినములలో వ్రాసి ముగించినది. మూడవనాడు పనికి సాకు చెప్పి మానినది. మొదటి అధ్యాయము వ్రాసిన వెంటనే చివరి అధ్యాయము వ్రాసికొన్నది. గమ్యము అంత స్పష్టముగా కనబడుచున్నది గనుక, నడుమ నెవరైన అడ్డుపడి ధార తెగునేమో యను భయముచేత అది ముందుగా కాగితము కెక్కవలెనని తొందరపడినది. పురాతత్త్వవేత్తయైన భర్త మాక్స్ మల్లోవన్‌తో సిరియా, ఇరాకులలో తిరిగినది గనుక ఆ రైలుమార్గములు, ఆ యెడారి ఆమెకు పరిచితములే. రచయిత తృప్తి పాఠకునకు ప్రమాణము కానక్కఱలేదు. కాని ఆదియు అంతమును ఒక్క ఊపులో పుట్టినవన్న సంగతి, ముగింపును గురించిన తగవులో ముఖ్యమైన సాక్ష్యము.

ఆ తగవే అన్నిటికంటె తీవ్రమైనది. ఎడారిలో దారితప్పి, భయముతో క్రుంగి, జోన్ తన బ్రదుకును ఉన్నదున్నట్లు చూచును. భర్త కోరికను తాను చంపితినని, బిడ్డలు తన్ను ప్రేమింపలేదని, ప్రేమ యను పేరుతో తాను చేసినదంతయు తన సౌఖ్యమునకే యని గ్రహించి, ఇల్లు చేరి రాడ్నీని క్షమాపణ వేడెదనని నిశ్చయించుకొనును. ఇల్లు చేరును. క్షమింపుమనుటయా, ఏమియు జరుగనట్లు తిరిగివచ్చితి ననుటయా యను రెండు వాక్యములమధ్య ఒక్క క్షణము నిలిచి, రెండవదియే పలుకును. ఇంత దూరము నడిపించి రచయిత్రి మమ్ము మోసగించినదని కొందఱు పాఠకులు మండిపడుదురు. నేను వారి కోపమును గౌరవింతును; వారి తీర్పును అంగీకరింపను. క్రిస్టీ నవలలలోని డిటెక్టివు పొయిరో నిజమును చెప్పిన గదిలో దానిని విన్నవారు పదిమంది యుందురు, వాకిట పోలీసులుందురు. అచ్చట నిజము బయటపడిన పిదప వెనుకకు పోలేదు. జోన్ కనుగొన్న నిజమునకు ఆమె తప్ప సాక్షి లేడు. ఆ సాక్షి నోరు మూసికొన్నచో దానిని నిలువబెట్టు శక్తి లోకములో లేదు. తెలిసికొనుట ఒక కార్యము, తెలిసినదానికి కట్టుపడుట మఱియొక కార్యము. డిటెక్టివు నవల ఈ రెంటిని ఒకటిగా చూపి మనకు ఊరట నిచ్చును, ఈ నవల వేఱుచేసి చూపి ఆ ఊరటను తీసికొనును. తిరుగుదారిలో తోటి ప్రయాణికురాలైన సాషా యుద్ధము రానున్నదని చెప్పగా జోన్ నమ్మదు. 1944లో ఈ పుటలు చదివినవారు ఆ యుద్ధమునడుమనే యున్నారు. కన్నులయెదుట నున్నదానిని కాదనుట ఎంత సులభమో వారికి మఱియొకరు బోధింపవలసిన పని లేకపోయెను.

నా ఆక్షేపణ వేఱొకచోట నున్నది. దానిని గురించి ఈ రెండు పక్షములవారును తగినంతగా మాటాడలేదని నా ఫిర్యాదు. చివర కథ రాడ్నీ చూపునకు మారును. భార్య ఎంత ఒంటరిదో అతనికి పూర్తిగా తెలియును. ఆమెకు అది ఎన్నడును తెలియకుండుగాక యని మనస్సులో ప్రార్థించును. ఈ నవలను మెచ్చువారిలో పలువురు దీనిని కరుణ యందురు. నాకట్లు తోపదు. ఏండ్లతరబడి తండ్రియు బిడ్డలును తమలో తాము ఒక చూపు, ఒక చిఱునవ్వు పంచుకొని, ఆమెను జాలిపడదగిన వెఱ్ఱిదానిగా ఎంచి, ఒక్కనాడును ఎదుట నిలిచి నిజము చెప్పలేదు. ఎదిరింపని మంచితనము ఆమె అహంకారమునకు ఎరువైనది. లెస్లీ మరణించినది గనుక ఆమె సంస్మరణము కళంకము లేక వెలుగుచున్నది. జోన్ బ్రదికియున్నది గనుక ప్రతి లోపమును లెక్కకు వచ్చుచున్నది. రచయిత్రి జోన్‌ను అడిగినంత కఠినముగా రాడ్నీని అడుగలేదు. ముగింపు నిరాశాజనకమని కోపగించువారు తమ కోపమును ఇటువైపు త్రిప్పినచో వారి వాదమునకు బలము కలుగునని నా విశ్వాసము. మెచ్చువారు ఈ ప్రశ్నకు సమాధానము చెప్పినచో వారి మెప్పునకు విలువ కలుగును.

పుస్తకమును గురించి భిన్నాభిప్రాయములు వచ్చినప్పుడు, ఏ పక్షమున ఎందఱున్నారని లెక్కించుట పఠనము కాదు. ఏ పుటయొద్ద, ఏ వాక్యమునొద్ద తన మనస్సు రచయితతో విడిపోయినదో కనిపెట్టి, అచ్చటికి మరల పోయి నిలుచుట పఠనము. ఈ నవల చదువదలచినవారికి నేను చెప్పునది ఒక్కటే: చివరి అధ్యాయము ముగిసిన వెంటనే, పుస్తకమును మూయక, మొదటి అధ్యాయమును మఱియొకసారి చదువుడు. రచయిత్రి వానిని వెంట వెంటనే వ్రాసినది. మనమును వెంట వెంటనే చదివినప్పుడే వాని బంధుత్వము తెలియును. తన చర్మమును, తన దుస్తులను, తన సంసారమును చూచి మురిసికొను ఆ మొదటి పుటలలోని జోన్, మొదటిసారి మనకు కొంచెము నవ్వు పుట్టించును. రెండవసారి చదువునప్పుడు నవ్వు రాదు, ఏలయన ఈ జోన్ అన్నియు తెలిసికొని మరల ఇట్లుండుటకు ఒప్పుకొనగలదని మనకిప్పుడు తెలియును. అప్పటికిని ముగింపు మోసమని తోచినవారు నాతో నిరభ్యంతరముగా వాదింపవచ్చును; వారి వాదము పుస్తకమును చదివినవారి వాదమగును, అట్టిదానితో విభేదించుటయు నాకు లాభమే.