సంచి కన్నా ముందు క్యాలెండరు

ఉయ్యూరులో వీరమ్మ తిరునాళ్లు ముగిసేసరికి వేసవి ప్రయాణాల మాట మొదలవుతుంది. కాశీకి వెళ్లాలన్నా, బెంగుళూరులో మేనమామ ఇంట్లో నెల్లాళ్లు ఉండి రావాలన్నా ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారంలో బడులు తెరిచేదాకా ఉన్న సెలవుల్లోనే కుదరాలి. అయినా మన ఇళ్లలో హడావుడి బయల్దేరే నాలుగు రోజుల ముందు, సూట్‌కేసు చుట్టూ మొదలవుతుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో ఈ వరస తలకిందులని నా వాదన. సంచిలో కుక్కే వాటిలో చాలా భాగం దారిలో ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. గడిచిపోయిన తారీఖులు మాత్రం దొరకవు.

ముందు టికెట్ల సంగతి. ఉయ్యూరుకు రైలు లేదు, బెజవాడకో గుడివాడకో వెళ్లి ఎక్కాలి. ఒకప్పుడు 120 రోజుల ముందే రిజర్వేషను దొరికేది. 2024 నవంబరు నుంచి అది 60 రోజులైంది. అంటే మే ఒకటిన బయల్దేరాలంటే మార్చి మొదటి రోజుల్లోనే మేలుకోవాలి. అయిదేళ్లు నిండని పిల్లకు టికెట్ అక్కర్లేదు నిజమే, కానీ బెర్తూ ఉండదు. రెండు రాత్రుల ప్రయాణంలో ఆ పొదుపు ఖరీదు తల్లి నిద్ర. డబ్బు కట్టి బెర్తు తీసుకోవడమే మేలు. ఇక టీకాలు. ఆరు, పది, పద్నాలుగు వారాలకు, తొమ్మిదో నెలకు, మళ్లీ పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య వేయించాలి. పెంటావాలెంట్ వేశాక ఒకటి రెండు రోజులు జ్వరం రావచ్చు. ఆ మర్నాడే రైలెక్కడం ఎవరికీ సుఖం కాదు. అమెరికా నుంచి తాతయ్య దగ్గరికి వచ్చే పసివాళ్లకు ఇంకో మెలిక ఉంది. అక్కడ తట్టు టీకా ఏడాది నిండాకే వేస్తారు. విదేశానికి వెళ్లే ఆరు నుంచి పదకొండు నెలల పిల్లలకు మాత్రం ముందుగానే ఒక డోసు వేయించమంటారు. విమానం టికెట్ కొన్న రోజే ఈ మాట గుర్తుకు రావాలి.

‘నెలల పిల్లతో ప్రయాణమేమిటి?’ అని పెద్దవాళ్లు అంటారు. తిండి విషయంలో అందరికంటే తేలికైన ప్రయాణికురాలు ఆ నెలల పిల్లే. ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా అక్కర్లేదు కదా! కష్టమంతా ఏడాది దాటి, కనబడిందల్లా నోట్లో పెట్టుకుని, ఒళ్లో నిలవని పిల్లాడితో. అయితే పెద్దల మాటలో ఒక నిజం లేకపోలేదు: పసిబిడ్డకు గుంపు మంచిది కాదు. పుట్టువెంట్రుకల మొక్కు మొదటి ఏడు కాకపోతే మూడో ఏట తీర్చుకునే వీలు మన ఆచారంలోనే ఉంది. రద్దీ రోజుల్లో క్యూలో నిలబడే బదులు ఆ వీలును వాడుకోవచ్చు.

‘బయటి తిండి పడదు’ అన్నది రెండో అభ్యంతరం. ఇది సగమే నిజం. చింతపండు పులుపు, నూనె ఉన్నాయి కాబట్టి పులిహోర ఆ పూటకు ఆగుతుంది. మే నెల ఎండలో పెరుగన్నం మధ్యాహ్నానికే పులుస్తుంది. అందుకే మన ఆడవాళ్లు అన్నంలో పాలు పోసి, చెంచాడు పెరుగు తోడు వేసి కడతారు. తినే వేళకు అది కమ్మగా తోడుకుంటుంది. ఇంత తెలివి ఉన్నవాళ్లమే రెండో రోజు కూడా నిన్నటి డబ్బానే తెరుస్తాం. కళ్లెదుట పొగలు కక్కుతూ దిగిన ఇడ్లీ కంటే, నిన్న మనింట్లో వండిన అన్నమే పిల్లకు ప్రమాదం. ఆవకాయ సీసా పెద్దల కోసం, ఉండనివ్వండి. పిల్లల కోసం మాత్రం ఓఆర్ఎస్ ప్యాకెట్లు, లీటరు సీసా తప్పనిసరి. లీటరు ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసులో చిటికెడు వేసి ఇవ్వడం వైద్యం కాదు.

ఇదంతా రిజర్వేషను చేయించుకోగలవాళ్ల మాటేనా? పిల్లల్ని వెంటబెట్టుకుని కూలికి వలస వెళ్లే కుటుంబానికి తారీఖులూ కాగితాలూ ఇంకా ఎక్కువ అవసరం. తల్లీబిడ్డల రక్షణ కార్డు చేతిలో ఉంటే తర్వాతి టీకా ఏదో ఏ ఊరి ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా చూసి ఉచితంగా వేస్తారు. రేషను కూడా అంతే. 2019 ఆగస్టులో ఆంధ్ర, తెలంగాణ కార్డులు ఒకచోటివి మరోచోట చెల్లడం మొదలై, తర్వాత దేశమంతటికీ పాకింది. వాళ్ల మూటలో అన్నిటికంటే బరువు తక్కువైనవి, విలువ ఎక్కువైనవి ఆ రెండు కార్డులే.

‘పిల్లలున్న ఇంట్లో ఏదీ అనుకున్న తారీఖుకు జరగదు’ అనేది గట్టి అభ్యంతరం. నిజమే, అందుకే తారీఖుల మధ్య ఖాళీ ఉంచాలి. వర్జ్యం, వారశూల చూసే మనకు ఇదేమీ కొత్త కాదు. మంచి ఘడియ ఒకనాడు, రైలు మరొకనాడు అయితే ముహూర్తానికి పెట్టెను పక్కింట్లో పెట్టించేవారు. నమ్మకం సంగతి ఎలా ఉన్నా, ఆ పద్ధతిలో పెద్ద సౌకర్యం ఉంది: పెట్టె ఒక రోజు ముందే మూతపడి గడప దాటుతుంది. బయల్దేరే రోజున గ్యాస్ రెగ్యులేటరు, మోటారు స్విచ్, ఖాళీ చేయాల్సిన ఫ్రిజ్, పాలవాడికి చెప్పాల్సిన మాట, పక్కింటికి ఇవ్వాల్సిన తాళంచెవి మాత్రమే మిగులుతాయి. వీటిలో ఏ ఒక్కటీ బిడ్డను ఎత్తుకున్న మనిషికి అప్పజెప్పకూడదు.