నటాషాకి అంత్యక్రియలు ఎవరు చేశారు?

2019 ఏప్రిల్‌లో విడుదలైన ‘అవెంజర్స్: ఎండ్‌గేమ్’ చివర టోనీ స్టార్క్ అంత్యక్రియల దృశ్యం ఉంది. సరస్సు ఒడ్డున ఇల్లు, భార్య నీళ్ళమీద వదిలిన పూలచక్రం, దాని మధ్య ఒకప్పుడు అతని ఛాతీలో వెలిగిన యంత్రం, వెనక నల్లబట్టల్లో మౌనంగా నిలబడ్డ మనుషులు. పదకొండేళ్ళుగా వచ్చిన సినిమాల్లోని ముఖ్యపాత్రల్ని కెమెరా తొందరేమీ లేకుండా ఒక్కొక్కరినే చూపిస్తూ వెళుతుంది. అదే సినిమాలో, అదే లోకాన్ని కాపాడటానికి, అంతకు కాస్త ముందే నటాషా రోమనాఫ్ కొండమీంచి పడి చనిపోయింది. ఆమెకి దక్కింది నీటిగట్టు మీద అయిదుగురు మగవాళ్ళు గడిపిన కొద్ది క్షణాలు. ఆమెకి కుటుంబం ఎవరైనా ఉన్నారా అని టోనీ అడుగుతాడు. మనమే అంటాడు స్టీవ్. ఒకతను దుఃఖం పట్టలేక బెంచీని ఎత్తి సరస్సులోకి విసిరేస్తాడు. ఆ తర్వాత అందరూ పనిలో పడతారు. టోనీ అంత్యక్రియలయ్యాక స్నేహితులు మాట్లాడుకునే కొద్ది మాటల్లో ఆమె తలపు వస్తుంది, అంతే.

సూపర్‌హీరో సినిమాకి ఈ పేజీల్లో ఏం పని అనుకునేవారు ఉండొచ్చు. ఈ సినిమా ప్రపంచమంతటా సుమారు 280 కోట్ల డాలర్లు వసూలు చేసింది. ఇంగ్లీషుతో పాటు హిందీ, తమిళ, తెలుగు భాషల్లో మన థియేటర్లకి వచ్చింది. మన పిల్లలూ మన విద్యార్థులూ చూశారు, మనలోనూ చాలామందిమి చూశాం. ఎవరి చావుకి ఏడవాలో, ఎంతసేపు ఏడవాలో ఇంతమందికి ఒకేసారి నేర్పే కథని సాహిత్య విమర్శ పట్టించుకోకపోతే ఎలా? నాకైతే సినిమాకన్నా అభిమానులు దానికి స్పందించిన తీరే ఎక్కువ ఆలోచింపజేసింది. ఆ స్పందనలో ఒక పెద్ద తగాదా ఉంది, దాన్ని లేవదీసినవాళ్ళలో ఎక్కువమంది స్త్రీలు.

చూడనివారి కోసం కొంచెం వివరం. మార్వెల్ సంస్థ 2008లో ‘ఐరన్ మ్యాన్’తో మొదలుపెట్టి వేరువేరు వీరుల సినిమాలని ఒకే పెద్ద కథగా అల్లుకుంటూ వచ్చింది. 2018 నాటి ‘ఇన్ఫినిటీ వార్’లో థానోస్ అనేవాడు మహిమగల ఆరు రాళ్ళు సంపాదించి, చిటికె వేసి సృష్టిలో సగం ప్రాణుల్ని మాయం చేస్తాడు. వాళ్ళని వెనక్కి తెచ్చే కథ ‘ఎండ్‌గేమ్’. వరసలో అది 22వ సినిమా. ఒక స్త్రీ ఒంటరిగా కథని నడిపిన మొదటి సినిమా ‘కెప్టెన్ మార్వెల్’ 21వది. దాన్ని 2019 మార్చి 8న, మహిళా దినోత్సవం నాడు విడుదల చేశారు. విడుదలకి ముందే, ఎవరూ చూడకుండానే, దానిమీద కురిసిన ద్వేషం తర్వాత రాటెన్ టొమాటోస్ అనే సమీక్షల సంస్థ సినిమా రాకముందు ప్రేక్షకులు వ్యాఖ్యలు రాసే వీలునే తీసేసింది. ఇరవై సినిమాలు ఓపిగ్గా చూస్తూ వచ్చిన స్త్రీల సహనం ఎవరికీ వార్త కాలేదు.

ఆ ఆరు రాళ్ళలో ఒకదానికి షరతు ఉంది. ప్రాణంగా ప్రేమించినవాళ్ళని బలి ఇస్తేనే అది దొరుకుతుంది. మొదటి సినిమాలో థానోస్ తన పెంపుడు కూతురు గమోరాని కొండమీంచి తోసేస్తాడు. రెండోదాంట్లో అదే కొండమీంచి నటాషా. పైనుంచి తీసిన షాట్ కూడా దాదాపు ఒకటే, రాతినేల మీద విరిగిపడ్డ స్త్రీ శరీరం. గమోరా జాతిలో సగంమందిని చంపించి ఆమెని తెచ్చి పెంచుకున్నవాడు థానోస్. ఇంకో కూతురు నెబ్యులా ఓడిపోయిన ప్రతిసారీ ఆమె ఒంట్లో ఒక భాగం తీసి యంత్రం అమర్చినవాడు. అలాంటివాడు తోసేముందు కన్నీరు పెడతాడు, రాయి అతనికి దొరుకుతుంది. అంటే అతనిది ప్రేమేనని కథ స్వయంగా ముద్ర వేసింది. ఇది ప్రేమ కాదని గమోరా చెబుతూనే ఉంది. రాయి ఆమె మాట వినలేదు. తండ్రుల చేతుల్లో హింస అనుభవించిన కొందరు ప్రేక్షకులు ఈ దృశ్యాన్ని తట్టుకోలేకపోయామని చెప్పుకున్నారు. వాళ్ళ అభ్యంతరం సున్నితత్వం వల్ల వచ్చింది కాదు, చాలా కచ్చితమైన పఠనం వల్ల వచ్చింది. కొట్టినవాడు ప్రేమతోనే కొట్టాడని ఇంట్లో వినే మాటనే ఇక్కడ విశ్వ నియమంగా మార్చారు. ‘ఇన్ఫినిటీ వార్’ తెలుగు అనువాదంలో థానోస్‌కి రానా గొంతు ఇచ్చారు. మనకి అది భల్లాలదేవుడి గొంతు. క్రౌర్యంలో రాజసం వినడానికి మన చెవులు అప్పటికే తయారుగా ఉన్నాయి. థానోస్ చెప్పిందాంట్లో తప్పేముందని వాదించిన అభిమానులు ఎందరో. గమోరా పక్షాన మాట్లాడినవాళ్ళ గొంతు అంత దూరం వెళ్ళలేదు.

ఈ రకం చావులకి ఒక పాత పేరుంది. 1994లో ఒక ‘గ్రీన్ లాంటర్న్’ కామిక్‌లో వీరుడి ప్రియురాలిని చంపి ఫ్రిజ్‌లో పెడతాడు శత్రువు. 1999లో గెయిల్ సిమోన్ ఆ ఫ్రిజ్ పేరు మీదనే ఒక జాబితా తయారుచేసింది. కామిక్స్‌లో చంపబడిన, అంగవైకల్యం పాలైన, శక్తులు పోగొట్టుకున్న స్త్రీ పాత్రల పేర్లు. అప్పటికింకా ఆమె కామిక్స్ రచయిత్రి కాదు, పాఠకురాలు. నేను గుర్తుచేయదలచింది ఇదే. ఈ రంగంలో స్త్రీవాద విమర్శ అధ్యాపకుల దగ్గర మొదలవలేదు, ఇష్టంగా చదివిన ఒక పాఠకురాలు వేసుకున్న లెక్క దగ్గర మొదలైంది.

నటాషా విషయంలో అభిమానులు రెండుగా చీలిపోయారు. ఆమెని ఎవరూ తోయలేదు, క్లింట్‌తో పోట్లాడి మరీ తనే దూకింది, అది ఆమె నిర్ణయం అన్నారు ఒకరు. నిజమే. కానీ పాత్ర నిర్ణయాన్ని రాసేదెవరు? క్లింట్‌కి భార్య, ముగ్గురు పిల్లలు ఉన్నారు. నటాషాకి లేరు. ‘ఏజ్ ఆఫ్ అల్ట్రాన్’ (2015)లో, చిన్నప్పుడు గూఢచారిగా తయారుచేసేటప్పుడు తనకి బలవంతాన గర్భసంచి పనిచేయకుండా చేశారని ఆమె చెప్పుకుంటుంది. ఆ మాటల పక్కనే తనని తాను రాక్షసిగా పోల్చుకున్న తీరుకి అప్పుడే చాలామంది స్త్రీలు భగ్గుమన్నారు. నాలుగేళ్ళ తర్వాత ఆ రెండు దృశ్యాలనీ పక్కపక్కన పెట్టి చదివినవాళ్ళకి లెక్క తేలిపోయింది. బిడ్డల తండ్రి బతకాలి, బిడ్డల్లేని స్త్రీ పోవచ్చు. గొడ్రాలు అనే మాట ఉన్న భాషలో పెరిగిన మనకి దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. పేరంటాల్లో ఆమెని ఎక్కడ కూర్చోబెట్టేవారో, ఏ పనికి ముందుకి పిలిచేవారు కాదో మనకి తెలుసు. హాలీవుడ్ అదే పని చాలా గౌరవంగా, నేపథ్య సంగీతంతో చేసింది.

అంత్యక్రియలు ఎందుకు లేవని అడిగితే రచయితల్లో ఒకరు ఇచ్చిన వివరణ ఇంకా ఆసక్తికరం. టోనీ లోకానికంతా తెలిసిన మనిషి, నటాషా ఎప్పుడూ అంతుచిక్కని మనిషిగానే ఉండిపోయింది అన్నది దాని సారాంశం. ఆమెని అలా ఉంచింది ఎవరు? ‘ఏజ్ ఆఫ్ అల్ట్రాన్’లో విమానంలోంచి మోటార్‌సైకిల్ మీద కిందికి దూకేది నటాషా. ఆ దృశ్యానికి అమ్మకానికి వచ్చిన బొమ్మలో బండి మీద కెప్టెన్ అమెరికా ఉన్నాడు. కూతుళ్ళకి కొనడానికి నటాషా బొమ్మ ఎక్కడుందని తల్లులు అడిగితే సమాధానం లేదు. పదేళ్ళు కనపడకుండా చేసి, కనపడదు కాబట్టి దుఃఖించలేదనటం!

నా పరిశోధన వారపత్రికల సీరియల్స్ చదివిన తెలుగు స్త్రీల గురించి. యద్దనపూడి నవలల కోసం ఎదురుచూసిన వాళ్ళని, ‘సెక్రటరీ’లో రాజశేఖరాన్ని తలుచుకుని నిట్టూర్చినవాళ్ళని మన విమర్శకులు ఎలా మాట్లాడారో పాత సంచికలు తిరగేస్తే తెలుస్తుంది. పలాయనవాదం, పగటికలలు, చౌకబారు కన్నీళ్ళు. 2019లో హైదరాబాద్‌లో నేను సినిమా చూసిన హాల్లో పాతికేళ్ళ అబ్బాయిలు వెక్కివెక్కి ఏడ్చారు. నాకు వెటకారం రాలేదు, మగవాడు నలుగురిలో ఏడవగలగటం మంచిదేనని నమ్ముతాను. కానీ వాళ్ళ కన్నీళ్ళని ఎవరూ చౌకబారువి అనలేదు. ఒక తరం భావోద్వేగం అన్నారు. వాళ్ళు ఏడ్చింది కూడా ఎవరికోసం? చిన్న కూతుర్ని వదిలి వెళ్ళిన తండ్రి కోసం. నటాషా పడినప్పుడు ఆ హాల్లో నిశ్శబ్దం ఉంది, ఏడుపు లేదు. పాప్‌కార్న్ తెచ్చుకోవడానికి లేచినవాళ్ళనీ చూశాను.

చివరి యుద్ధంలో ఒక షాట్ మీద ఇంకా పెద్ద గొడవ జరిగింది. కెప్టెన్ మార్వెల్‌కి తోడుగా వాండా, వాల్కిరీ, ఒకోయే, షురి, పెప్పర్, మాంటిస్, నెబ్యులా ఇంకా కొందరు ఒక్కసారిగా వచ్చి వరసలో నిలబడతారు. చిన్నపిల్లలు ఎగిరి గంతులేశారు. మొక్కుబడి అని తిట్టినవాళ్ళలో స్త్రీవాదులూ ఉన్నారు, స్త్రీవాదమంటే మండేవాళ్ళూ ఉన్నారు. నాది మొదటివాళ్ళ పక్షమే. ఆ వరసలో చాలామంది సినిమా మొత్తంలో ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. అన్నిటికన్నా, మొదటి ‘అవెంజర్స్’ (2012) జట్టులో ఉన్న ఒకే ఒక్క స్త్రీ ఆ గ్రూప్ ఫొటోలో లేదు. అయినా గంతులేసిన పిల్లల్ని నేను ఆపను. ఎందుకంటే ఆ షాట్ ఎంత పైపైదయినా దాన్ని భరించలేని మగ అభిమానులు ఉన్నారు. ఒకరు ఏకంగా సినిమాని మళ్ళీ ఎడిట్ చేసి, కెప్టెన్ మార్వెల్‌ని పూర్తిగా తీసేసి, స్త్రీత్వం తొలగించిన కూర్పు అని పేరుపెట్టి పంచిపెట్టారు. ‘ద లాస్ట్ జెడై’కి కూడా అంతకుముందు అలాంటిదే వచ్చింది, 46 నిమిషాలకి కుదించినది. ఆడవాళ్ళని తీసేస్తే రెండున్నర గంటల కథలో మిగిలింది అంత!

కత్తిరించటం ఒక రకం స్పందన అయితే, రాయటం ఇంకో రకం. ఫ్యాన్ ఫిక్షన్ పేరుతో అభిమానులు, వారిలో ఎక్కువగా స్త్రీలు, ఇష్టమైన పాత్రలతో తమ కథలు రాసుకుంటారు. ఆ కథల్ని భద్రపరిచే ‘ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్’కి 2019లోనే హ్యూగో అవార్డు వచ్చింది. ‘ఎండ్‌గేమ్’ తర్వాత అక్కడ చేరినవాటిలో నటాషాని బతికించినవి ఉన్నాయి, ఆమెకి అంత్యక్రియలు జరిపినవి ఉన్నాయి. నాకు రెండోరకమే బలమైనవిగా అనిపించాయి. బతికించటం కోరిక తీర్చుకోవటం. అంత్యక్రియలు చేయాలంటే ఎవరెవరు వస్తారు, ఆమె గురించి ఎవరు ఏం చెప్తారు, ఆమె వస్తువులు ఎవరు సర్దుతారు అని ఆలోచించాలి. అంటే సినిమా రాయని జీవితాన్ని రాయాలి. శోకం ద్వారా జీవితచరిత్ర కూర్చటం మన స్త్రీలకి తెలియని ప్రక్రియ కాదు. చావింట్లో రాగం తీసి పోయినవాళ్ళ బతుకంతా చెప్పుకునే ఆడవాళ్ళని మనం విన్నాం.

అలాగని ఆ లోకాన్ని ఆకాశానికెత్తలేను. రుక్మిణి పాండే ‘స్క్వీ ఫ్రమ్ ద మార్జిన్స్’ (2018)లో అభిమాన సమూహాల్లోని జాతి వివక్షని నిలదీసింది. ఈ కథల్లోనూ స్టీవ్, బకీ వంటి తెల్ల మగవాళ్ళ ప్రేమలకి ఉన్నంత చోటు ఒకోయేకి లేదు, షురికి లేదు. ఎవరికోసం దుఃఖించాలో పంచుకునే దగ్గర స్త్రీలు కూడా పాత కొలతలే వాడతారు.

2021 ఏప్రిల్‌లో టోనీని తిరిగి బతికించమని కోరుతూ అభిమానులు లాస్ ఏంజలెస్‌లో ఒక హోర్డింగ్ పెట్టించారు. అదే ఏడాది జులైలో, పాత్ర చనిపోయిన రెండేళ్ళకి, ‘బ్లాక్ విడో’ పేరుతో నటాషా సొంత సినిమా వచ్చింది. దర్శకురాలు కేట్ షార్ట్‌లాండ్. పేర్లన్నీ పడిపోయాక, సగంమంది హాల్లోంచి వెళ్ళిపోయాక, నటాషా సమాధి కనిపిస్తుంది. కూతురు, చెల్లెలో అక్కో, అవెంజర్ అని రాసి ఉంటుంది. ఇంగ్లీషులో అక్కా చెల్లీ ఒకటే కాబట్టి వాళ్ళకి ఆ ఇబ్బంది లేదు. రాతి చుట్టూ ఎవరెవరో పెట్టి వెళ్ళిన పూలు. ఆ పూలు పెట్టినవాళ్ళెవరో సినిమాలో ఎక్కడా కనిపించరు. చెల్లెలు యెలీనా వచ్చి మోకాళ్ళమీద కూర్చుని రాతిని శుభ్రం చేస్తుంది. చిన్నప్పుడు ఇద్దరూ పిలుచుకున్న ఈలనే వేస్తుంది. జవాబు రాదు. ఇంతలో పక్కన ఎవరో గట్టిగా ముక్కు చీదిన చప్పుడు. ఒకామె వచ్చి, నీ అక్క చావుకి కారకుడు వీడేనంటూ క్లింట్ ఫొటో చూపిస్తుంది. క్లింట్ పేరుమీద సీరియల్ ఆ నవంబరులో మొదలైంది.