ఎముక లేని శవం: ఫాంటసీ పాత్రధారణ క్రీడల్లో కీటకాల మరణానంతర స్థితి

కీలకపదాలు: పాత్రధారణ క్రీడలు, మృతసంచారి, ఆర్థ్రోపోడా, నిబంధనా పాఠం

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ 1974లో వెలువడింది. అప్పటినుంచి ఫాంటసీ పాత్రధారణ క్రీడల్లో ‘అన్‌డెడ్’ అనే వర్గం స్థిరపడిపోయింది. దీనికి తెలుగులో సరితూగే మాట లేదు. ప్రేతం దేహాన్ని వదిలినది. బేతాళుడు పరుల శవాన్ని ఆవహించేవాడు. ఇక్కడ చర్చకు వచ్చే అస్థిపంజరం, జాంబీ తమ దేహంతోనే లేచి నడుస్తాయి. అందువల్ల ఈ వ్యాసంలో ‘మృతసంచారి’ అనే పదాన్ని వాడుతున్నాను. తేలు, సాలీడు, జెర్రి మృతసంచారులు కాగలవా అన్నది ఆటగాళ్ల తగవుగా కనిపించవచ్చు. నిబంధనలను ఒక పాఠంగా చదివితే మాత్రం, ఎవరి మరణాన్ని ఆ పాఠం మరణంగా లెక్కిస్తున్నదో ఈ ప్రశ్న బయటపెడుతుంది.

ఈ క్రీడ 2003 నాటి ‘3.5’ కూర్పులో విధి రెండు చోట్ల ఉంది. అస్థిపంజరంగానైనా జాంబీగానైనా మారాలంటే ఆ జీవికి ‘అస్థిపంజర వ్యవస్థ’ ఉండాలని భూతవర్ణన గ్రంథం అంటుంది. శవాలను లేపే మంత్రాన్ని వివరించే చోట షరతు వేరు: అస్థిపంజరానికి శవంలో ఎముకలుండాలి, జాంబీకి నిజమైన శరీర నిర్మాణం ఉంటే చాలు. తేలు పైపెంకు కైటిన్‌తో ఏర్పడినది. అందులో ఎముక లేదు, అయినా జీవశాస్త్రం దాన్ని అస్థిపంజరమనే పిలుస్తుంది. మొదటి విధి ప్రకారం తేలు అర్హం, రెండో విధి ప్రకారం అనర్హం. జాంబీ విషయంలో పరిస్థితి తలకిందులవుతుంది. ఎముకా పెంకూ లేని వానపాముకు మొదటి విధి అడ్డు చెబుతుంది, రెండోది చెప్పదు. ‘నిజమైన’ అన్న విశేషణానికి ఆ మంత్రవివరణలో నిర్వచనం లేదు.

ఉత్సర్గం, అపవాదం తెలిసిన వ్యాకరణ పాఠకులకు దీని సమన్వయం కష్టం కాదు. భూతవర్ణన సామాన్యవిధి, మంత్రం విశేషవిధి. తేలు అస్థిపంజరం ఆ కల్పితలోకంలో ఉండవచ్చు. ఈ మంత్రం మాత్రం దాన్ని పుట్టించలేదు. ఇదే సరైన అన్వయమని నా అభిప్రాయం.

అయితే అసలు చిక్కు పెంకులోనే ఉంది. ఆర్థ్రోపోడా జీవులు పెరిగేటప్పుడు నిర్మోచనం చెంది పాత పెంకును వదిలేస్తాయి. పెంకు ఒక్కటే అస్థిపంజరానికి చాలుననుకుంటే, మిడత విడిచిన కుబుసం కూడా లేచి నడవాలి. అప్పటికి మిడత చావలేదు. పక్క కొమ్మమీద ఆకు తింటూ ఉంటుంది. ఒకే ప్రాణికి జీవితకాలంలో అరడజను కంకాళాలు! మృతసంచారి అంటే ఒకప్పుడు బతికినది అన్న నిర్వచనం ఇక్కడ బీటలు వారుతుంది. విడిచిన పెంకు బతికిందా? బతికినదానిలో భాగమా? 3.5 కూర్పు పునాదిగా 2009లో వచ్చిన ‘పాత్‌ఫైండర్’ క్రీడ, కీటకాల పెంకులకోసం తరువాత ఒక ప్రత్యేక మూసనే కల్పించింది. ఎముకల నిబంధనను సాగదీయకుండా వేరే వర్గాన్ని ఒప్పుకోవడం నిజాయితీ గల పరిష్కారం.

నిరాకరణకు మూలం దేహనిర్మాణంలో ఉందని నేననుకోను. 3.5 కూర్పులో కీటకవర్గానికి బుద్ధి సంఖ్య లేదు, గీత మాత్రమే ఉంటుంది. అస్థిపంజరానికీ జాంబీకీ అదే గీత. మనిషి జాంబీ అయితే పేరు, మాట, జ్ఞాపకం పోతాయి. భయం ఆ నష్టంలోంచే పుడుతుంది. జెర్రి విషయంలో పోవడానికి ఏముంది? 2014 నాటి ఐదో కూర్పు రాక్షస సాలీడుకు 2 అంకెల బుద్ధినిచ్చి మృగాల్లో చేర్చింది. అదే కూర్పు మంత్రాన్ని చిన్న, మధ్యమ పరిమాణపు మానవాకార శవాలకే పరిమితం చేసింది. బుద్ధి వచ్చేసరికి తలుపు మూసుకుంది. యుద్ధాశ్వపు అస్థిపంజరం ఆ కూర్పు భూతవర్ణనలోనే ఉంది, ఈ మంత్రం దాన్నీ లేపలేదు.

ప్రకృతిలో జాంబీకి దగ్గరి పోలికలు మాత్రం కీటకాల్లోనే కనిపిస్తాయి. ఒఫియోకార్డిసెప్స్ శిలీంధ్రం సోకిన చీమ ఆకు ఈనెను కరిచి పట్టుకొని చనిపోతుంది. తరువాత దాని తలలోంచి కాడ మొలుస్తుంది. ఆంప్యులెక్స్ కంప్రెస్సా అనే కందిరీగ బొద్దింకను రెండుసార్లు కుట్టి, స్పర్శశృంగం పట్టుకొని బొరియలోకి నడిపించుకుపోతుంది. ఈ బొద్దింక శవం కాదు, స్వేచ్ఛ కోల్పోయిన ప్రాణి. హైతీ జానపద విశ్వాసంలో జాంబీ కూడా ఇచ్ఛను పోగొట్టుకొని మరొకరికి చాకిరీ చేసేదే. దాని వెనుక బానిసత్వపు స్మృతి ఉంది. 1968లో రొమేరో చలనచిత్రం తరువాత ప్రాచుర్యం పొందిన శవరూపమే నేటి క్రీడల్లో కనిపించేది. పాత అర్థంలో చూస్తే బొద్దింకకే అర్హత ఎక్కువ. (మన వేదాంతులు భ్రమరకీట న్యాయంలో పురుగు తుమ్మెదగా మారుతుందన్నారు. గూటిలోని పురుగు నిజానికి కందిరీగ పిల్లకు ఆహారం.)

ఈ నిబంధనలను తెలుగు చేయబూనేవారికి ఇక్కడొక ప్రమాదం ఉంది. పాఠ్యపుస్తకాల్లోని ‘బాహ్యాస్థిపంజరం’ అనే పదంలో ‘అస్థి’ ముందే చేరి ఉంది. ఆ పదాన్ని వాడితే ఎముకల షరతు దానంతటదే నెరవేరినట్టు ధ్వనిస్తుంది, మూలంలోని వైరుధ్యం అనువాదంలో కనబడకుండా పోతుంది. ఈ సందర్భానికి ‘బాహ్యకవచం’ అన్న మాటే తగినది.