కొన్నవారి యభిప్రాయములు

గ్రంథమైనను, గానమైనను, గృహోపకరణమైనను, కొన్నవారు దానిపై నభిప్రాయము నొసగుట నేడు సర్వసామాన్యము. “బాగున్నది”, “బాగులేదు” అని రెండు మాటలలో తేల్చివేయుదురు. కారణము చెప్పని తీర్పు విమర్శ యెట్లగును?

తెలంగాణమున కవులే లేరని పూర్వ మొక తీర్పు వెలువడినది. దానికి సమాధానముగా పాలమూరు సీమవారగు సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో 354 మంది కవుల పద్యములతో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. విచారింపక పలికిన మాట యొక సీమ కవుల నెల్లరను మరుగుపరుప జూచినది.

వస్త్రముల విషయమున నిట్టి తొందరపాటు జీవనమునకే ముప్పు దెచ్చును. నల్లగొండ సీమలో ప్రసిద్ధిగాంచిన పోచంపల్లి నేతలో పోగులను ముందుగా ముడులుగట్టి, రంగులలో ముంచి, పిదప నేయుదురు. అందుచే చిత్రము బట్టకు రెండువైపులను కానవచ్చును. దాని యంచులు కొంచెము చెదరినట్లుండును. ఈ చెదరుటను జూచి “పనితనము లేదు” అని నిందించి, ఒకవైపు మాత్రమే యచ్చొత్తిన చవుక బట్టను మెచ్చువారు కలరు. గుణమునకు గుర్తైనదానినే దోషమని చాటినచో, నేతగాని యింట పొయ్యి యెట్లు వెలుగును?

కావున నభిప్రాయ మొసగువారు ఎన్నినాళ్లు వాడిరో, ఏమి పరీక్షించిరో తెలుపవలెను. వంటపాత్రను గూర్చి యజమానుడు వ్రాయుటకు ముందు, దానితో నిత్యము వండి, తోమెడు నిల్లాలి నడుగవలెను. ఈ యలవాటు మన యిండ్లలోనే మొదలగుట మేలు.