డైపోల్ వెనుక రేకు

సెల్ టవర్ల మీద నిలువుగా బిగించిన పొడవాటి తెల్లని పెట్టెలు మనకు రోజూ కనిపిస్తూనే ఉంటాయి. వాటిలో చాలావాటి మూత తీస్తే లోపల ఉండేది ఒక అల్యూమినియం రేకు, దాని ముందు వరసగా చిన్న చిన్న డైపోల్‌లు, అంటే మధ్యలో కేబుల్ కలిపిన రెండేసి చువ్వల యాంటెన్నాలు. ఇదే అమరికను హామ్‌లు, అంటే అభిరుచి కొద్దీ రేడియో నడిపేవాళ్లు, పీవీసీ పైపు, ఇనుప జాలీతో డాబాల మీద ఎంతోకాలంగా సొంతంగా కట్టుకుంటున్నారు. చూడ్డానికి ఇందులో ఏమీ లేదనిపిస్తుంది. దాని పనితనమంతా ఒక్క కొలతలో ఉంది: రేకుకీ డైపోల్‌కీ మధ్య ఎడం.

ఆ ఎడం ఎందుకంత ముఖ్యమో 1888లో హైన్‌రిష్ హెర్ట్జ్ చేసిన ప్రయోగం చెబుతుంది. జర్మనీలోని కార్ల్స్‌రూహేలో ఆయన ఉపన్యాసాల గది గోడకు 4 మీటర్ల ఎత్తు, 2 మీటర్ల వెడల్పున్న జింకు రేకు బిగించి, దాని మీదికి తరంగాలు పంపాడు. పోయే తరంగం, తిరిగొచ్చే తరంగం కలిసి గదిలో కొన్నిచోట్ల బలపడ్డాయి, కొన్నిచోట్ల ఒకదాన్నొకటి చంపేసుకున్నాయి. లోహం ఉపరితలం మీద, దానికి సమాంతరంగా విద్యుత్ క్షేత్రం నిలవలేదు. అందుకే తరంగం అక్కడ తలకిందులై వెనక్కి వస్తుంది.

ఇప్పుడు డైపోల్‌ను రేకుకు పావు తరంగదైర్ఘ్యం ఎడంలో పెట్టండి. పోవడానికి పావు, రావడానికి పావు, వెరసి అర. తలకిందులవడం వల్ల మరో అర. లెక్క నిండు తరంగానికి సరిపోయింది. వెనక్కి పోయి వచ్చినది, సూటిగా ముందుకు పోయేది చేయి కలుపుతాయి. అదే ఎడాన్ని అర తరంగదైర్ఘ్యం చేస్తే సరిగ్గా ఎదురుగా ఏమీ మిగలదు! రేకు అదే, డైపోల్ అదే.

అయితే పావు దగ్గరే ఆగాలని లేదు. ఒంటరి డైపోల్ నిరోధం సుమారు 73 ఓమ్‌లు. వెనుక పెద్ద రేకు పావు ఎడంలో ఉంటే అది 85 దాటుతుంది, ఎనిమిదో వంతుకు తెస్తే 32 దాకా పడిపోతుంది. మన కేబుల్ 50 ఓమ్‌లది. సుమారు ఆరో వంతు ఎడంలో రెండూ కలుస్తాయి. నేను అక్కడే మొదలుపెట్టమంటాను. ఎదురుగా అందే శక్తి ఒంటరి డైపోల్ కంటే మూడు నాలుగు రెట్లు ఉంటుంది. రేకును ఇంకా దగ్గరకు తెస్తే కాగితం మీద లాభం పెరుగుతుంది గానీ, పనిచేసే పౌనఃపున్యాల మేర కుంచించుకుపోతుంది, చిన్న పొరపాటును కూడా యాంటెన్నా ఓర్చుకోదు.

435 మెగాహెర్ట్జ్‌కు కట్టి చూద్దాం. తరంగదైర్ఘ్యం 69 సెంటీమీటర్లు. డైపోల్ మొత్తం పొడవు 33 సెంటీమీటర్ల లోపు, ఎడం 11.5, రేకు ఇంచుమించు 65 సెంటీమీటర్ల చదరం. నిండు రేకైతే గాలికి ఊగిపోతుంది, జాలీ చాలు. కన్నాలు తరంగదైర్ఘ్యంలో పదో వంతుకు మించకూడదు. డైపోల్ చువ్వలను కాస్త పొడుగ్గానే ఉంచి, ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి కేబుల్‌లోకి ఎంత తిరిగొస్తుందో చెప్పే కొలత) చూసుకుంటూ రెండు వైపులా సమానంగా, మిల్లీమీటర్ల లెక్కన కత్తిరించాలి. రేకు దగ్గరుంటే డైపోల్ పొడవు కొంచెం తగ్గించాల్సి వస్తుంది కాబట్టి, ఈ పని రేకు బిగించాకే చేయాలి. కేబుల్ పైతొడుగు మీద కరెంటు పారకుండా, డైపోల్‌కు కలిపేచోట ఫెర్రైట్ పూసలు తొడగడం మరవకండి. చాలామంది వదిలేసేది ఇదే, ఫలితం చెడేదీ ఇక్కడే.

ఇంతకంటే ఎక్కువ లాభం కావాలంటే యాగీ యాంటెన్నా ఉంది, కాదనను. కానీ దాన్ని గురి చూసి పట్టాలి. రేకు డైపోల్ వెడల్పుగా చూస్తుంది, ఆకాశంలో కదిలే వాటికి అది మేలు. 2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ6 మోసుకెళ్లిన హామ్‌శాట్ ఉపగ్రహానికి మాట పంపాల్సింది ఈ 435 మెగాహెర్ట్జ్ దగ్గరే. అది 2014 దాకా దేశదేశాల హామ్‌ల మాటలు మోసింది.

ఈసీఈ విద్యార్థులకు నా విన్నపం ఒకటే. పరీక్ష కోసం బట్టీపట్టిన ప్రతిబింబ సిద్ధాంతాన్ని ఒక్కసారి చేత్తో కట్టి చూడండి. రేకును సెంటీమీటరు చొప్పున జరుపుతూ మీటరు ముల్లును గమనించండి. గాలిలోకి ప్రసారం చేయడానికి మాత్రం లైసెన్సు తప్పనిసరి. 12 ఏళ్లు నిండినవారు ఆ లైసెన్సు పరీక్ష రాయొచ్చు. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో అందుకు శిక్షణ ఇస్తుంది.