మంచం కింది పంతులు

జె.వి. సోమయాజులు గారి పేరెత్తగానే అందరికీ 'శంకరాభరణం' సినిమాలోని శంకరశాస్త్రే గుర్తొస్తాడు. మా బరంపురం వాళ్లకి ఆయన మీద ఇంకాస్త చనువు. నరసన్నపేట దగ్గరి లుకలాం అగ్రహారంలో ఆయన పుట్టేనాటికి ఆ ఊరు మా గంజాం జిల్లాలోదే. 1936లో ఒడిశా ఏర్పడ్డాక వాళ్లు అటు, మేం ఇటు అయిపోయాం.

నాటకాల పిచ్చి ఉన్నవాడిగా నేను మాత్రం ఆయన గురించి రామప్పపంతులుతోనే మొదలుపెడతాను. 'కన్యాశుల్కం'లో ఆయన పంతులు, తమ్ముడు రమణమూర్తి గారు గిరీశం. దశాబ్దాల తరబడి ఆడారు ఆ నాటకాన్ని. అందులో వేశ్య మధురవాణి ఇంట్లో రంగం తలచుకోండి. గిరీశం వచ్చేసరికి పంతులు మంచం కింద నక్కి ఉంటాడు. కాసేపటికి చీపురు పట్టుకొచ్చిన పూటకూళ్లమ్మకి జడిసి గిరీశమూ అక్కడే దూరతాడు. చీపురు దెబ్బ మాత్రం పంతులికి! నవ్విద్దామని చూసే నటుడు ఇక్కడ తేలిపోతాడు. పరువు పోతోందని పంతులు నిజంగా హడలిపోవాలి. అప్పుడే జనం పడీపడీ నవ్వుతారు.

సోమయాజులు గారికి పగలు రెవెన్యూ ఉద్యోగం, రాత్రి రిహార్సల్సు. డిప్యూటీ కలెక్టరుగా ఉండగానే కె. విశ్వనాథ్ గారు 'శంకరాభరణం'లో వేషమిచ్చారు. 1980లో సినిమా విడుదలైంది. పాట గాయకుడు ఎస్.పి. బాలు గారిది. పెదవులు కలిపితే సరిపోయే పని కాదది. ఆలాపనకి ముందు ఛాతీలోకి గాలి పోవాలి, స్థాయి పెరిగే చోట మెడ బిగియాలి, పాట ఆగాక కూడా రాగం కళ్లల్లో కాసేపు ఉండాలి. సోమయాజులు గారిని చూస్తుంటే ఆ గొంతు వేరొకరిదన్న సంగతే మర్చిపోతాం. గిటార్లు పట్టుకుని వెక్కిరించిన కుర్రాళ్లకి బుద్ధి చెప్పే ఘట్టం చూడండి. పంతులికి తన పరువే సర్వస్వం. శాస్త్రికి సంగీతం పరువే ముఖ్యం. ఈ రెండు మనసులూ తెలిసిన ఒళ్లు గనకే ఆ కోపంలో అహంకారం వాసన రాదు.

1981లో బాపు గారి 'త్యాగయ్య', విశ్వనాథ్ గారి 'సప్తపది' వచ్చాయి. రెంటిలోనూ గొప్పగా చేశారు. కానీ చిత్రసీమ ఆయనకి చాలావరకు శాస్త్రి పెద్దరికాన్నే కట్టబెట్టి ఊరుకుంది. 2004లో పోయేదాకా సినిమాలు చేస్తూనే ఉన్నారు, ఆ మంచం కింది పంతుల్ని మాత్రం వెండితెర సరిగా వాడుకోలేదు. నాకు ఇప్పటికీ ఆ బాధ తీరలేదు.