ఫైలు తర్వాత, ముందు నాడి

హైదరాబాద్‌లో మైత్రీవనం దగ్గర రోడ్డు దాటేలోపు కోచింగ్ సెంటర్ కరపత్రం చేతిలో పడక తప్పదు. అక్కణ్ణుంచి పంజాగుట్ట నిమ్స్ దాకా డయాగ్నస్టిక్ సెంటర్లకూ కొదవ లేదు. అందుకేనేమో, మా దగ్గరికొచ్చే రోగులు కూర్చోకముందే ఫైలు బల్లమీద పెడతారు. నేను మాత్రం ముందు మణికట్టు పట్టుకుంటాను. చాదస్తమని నవ్వే జూనియర్లకు ఓ జబ్బు సంగతి చెబుతుంటాను.

వయసు మీదపడేకొద్దీ కొందరికి పెద్దపేగు గోడలోంచి చిన్నచిన్న తిత్తులు బయటికి పొడుచుకొస్తాయి. డైవర్టిక్యులా అంటాం. రక్తనాళం కండరంలోంచి దూరి లోపలికెళ్లే చోటే గోడ బలహీనం. తిత్తి లేచేదీ అక్కడే. దాంతో నాళం తిత్తి నెత్తిమీద సాగి, పలచబడుతుంది. చిట్లితే రక్తం సాధారణంగా పేగులోకి కారి, మలంతో ఎర్రగా బయటపడుతుంది. నొప్పి ఉండదు, భయం బోలెడు. చాలామందిలో దానంతటదే ఆగిపోతుంది కూడా.

బహు అరుదుగా, వైద్య పత్రికల్లో ఒక్కో కేసుగా రాసుకునేంత అరుదుగా, ఆ రక్తం పేగు బయటికి, ఉదరకుహరంలోకి పారుతుంది. మలంలో చుక్క కనిపించకపోవచ్చు. పక్కనే సోమాజిగూడలో డాక్టర్ నాగేశ్వర్ రెడ్డి నెలకొల్పిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ ఎండోస్కోపీకి పెట్టింది పేరు. కానీ ఎంత గొప్ప కొలనోస్కోపు అయినా చూసేది పేగు లోపలి గోడనే. గోడకవతల పేరుకున్న రక్తాన్ని అల్ట్రాసౌండో సీటీ స్కానో పట్టుకోవాలి. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒక్కోసారి పొట్ట తెరిచాకే తేలుతుంది.

ఇక ఫైలు సంగతి. రక్తం పోతున్న తొలిగంటల్లో హిమోగ్లోబిన్ మామూలుగానే ఉండొచ్చు. కణాలూ ద్రవమూ కలిసే పోతాయి కనుక మిగిలిన రక్తం చిక్కదనం వెంటనే మారదు. ఒంట్లోని నీరు రక్తంలోకి వచ్చి చేరాకే అంకె దిగుతుంది. నాడి అంతసేపు ఆగదు, ముందే పరుగందుకుంటుంది. (బీపీకో గుండెకో బీటా బ్లాకర్ వాడేవాళ్లలో అదీ బొంకుతుంది, అది వేరే తలనొప్పి.) అందుకే ఈ ఊళ్లో పెరిగిన కొత్త డాక్టర్లు రిపోర్టు చదవడంలో ఆరితేరినంతగా చెయ్యి వెయ్యడంలో ఆరితేరలేదని నా ఫిర్యాదు.

మోకాళ్ల నొప్పులకు వేసుకునే మాత్రలు, ఆస్పిరిన్, రక్తం పలచబరిచే మందులు తిత్తుల రక్తస్రావం ముప్పును పెంచుతాయి. సొంతంగా మానేయకండి, ఏవి వాడుతున్నారో డాక్టరుకు దాచకుండా చెప్పండి. కడుపునొప్పితోపాటు చల్లటి చెమటలు పట్టి, లేచి నిలబడితే కళ్లు తిరుగుతుంటే ల్యాబుకు వెళ్లకండి, 108కి ఫోన్ చేయండి.